అతికిన ముక్కు

గంటస్తంభం దగ్గర పాత సామాన్ల కొట్లో
నాలుగు పింగాణీ నాటకాలోళ్లు:
దొంగ జోస్యుడు, పిసినారి షావుకారు,
పెళ్లాం చీపురు చూసి వణికే జవాను.
నాలుగోవాడికి ముక్కు విరిగితే
ఎవరో లక్కతో కొత్తది పెట్టారు.

"ఈడు మా పైడయ్య చిన్నాన్నే" అన్నాను.
కొట్టాయన నమ్మలేదు.

గజపతినగరం తీర్థంలో ఆడగొంతుతో
ఏడ్చి ఏడ్చి జనాన్ని నవ్వించి
ఇంటికొచ్చి మాటాడకుండా గంజి తాగేవాడు.

తిరగేశాను.
అడుగున చిటికెనవేలు పట్టేంత కన్నం.
బట్టీలో పగలకుండా ఉండాలంటే
ఊపిరికి దారి వదలాలట.

నూటయాభైకి తెగింది బేరం.
తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంటే
నెల్లిమర్ల దాకా బస్సులో ఒకటే గలగల.
లోపలెక్కడో చిన్న పలుకు.
పాత ముక్కేమో.