తొమ్మిదో నంబరు

ఫారో దీవుల్లో మాది కొసాకరిది.
బయటి లోకంతో మాకున్న చుట్టరికమల్లా
కొండకొమ్మున వంగి నిలబడ్డ ఒక్క డిష్షు.
గాలి దాని మెడ తిప్పితే
ఆ పూటకి మేమంతా మూగవాళ్ళం.

పదకొండు ఇళ్ళు, ఒక బడి, ఒక సామన్ చేపల ఫారం,
ఫెర్రీ ఆఫీసులో నేను.
అన్నీ కలిపి పదిహేడు కంప్యూటర్లు.
టిక్కెట్లు కొట్టే బల్ల మీదే
ఎవరెంత లాగారో, ఎవరెంత పంపారో
లెక్కగట్టే ప్రోగ్రాము.
పచ్చ గీత దిగుమతి, ఎర్ర గీత ఎగుమతి,
అచ్చం రేవు పద్దులాగే.

నెలాఖరుకి నెట్ నత్తయినప్పుడల్లా
అందరూ నా మీద పడేవారు.
"మా ఇంట్లో వాడేదెంతని!" అనేది మల్వీనా
నలుగురు పిల్లల్ని వెనక దాచుకుని.
"కెమెరాలు ఆపితే చేపల మేత నువ్వు చూస్తావా?" అనేవాడు రోయ్.
విసిగిపోయి, అక్టోబరులో ఒక తుఫాను రాత్రి
సెట్టింగుల అట్టడుగున ఒక గడిలో టిక్కు పెట్టాను:
ఇతర కంప్యూటర్ల నుంచి నివేదికలు చూడనివ్వు.
ఒక పోర్టు నంబరిచ్చి,
ఫైర్‌వాల్‌లో పిల్లి దూరేంత సందు తీసి,
చిరునామా చీటీ మీద రాసి
ఫెర్రీ వేళల పక్కన అంటించాను.

చూసుకోండి, మీ లెక్క మీరే.

మొదట తగవులు. తర్వాత నవ్వులు.
క్రిస్మస్ లోపే ఊరు ఊరంతా
మబ్బు చూసి వాన చెప్పినట్టు
గీత చూసి మనిషిని చెప్పడం నేర్చింది.
మల్వీనా పెద్దకొడుకు చదువు సంగతి పంతులుకి తెలిసింది.
పంతులు నిద్ర సంగతి మల్వీనాకి తెలిసింది.
గీత 'ఎంత' అంటుంది, 'ఏమిటి' అనదు.
ఆ ఖాళీలో
తలా ఒక కథ పోసుకున్నాం.

తొమ్మిదో నంబరు ఓలువాది.
వేసవిలో వాళ్ళ పడవ తిరిగొచ్చింది, ఆయన రాలేదు.
రాత్రి రెండున్నరకి ఆ గీత లేస్తుంది,
పిడికెడంత.
పదకొండు నిమిషాలు. మళ్ళీ పడుకుంటుంది.
ఏ రాత్రి చూసినా అదే ఎత్తు, అదే వెడల్పు.
ఎవరితోనో మాట్లాడుతోందన్నారు రేవులో.
పాత వీడియోలన్నారు కొట్టులో.
నేనూ ఏదో అనుకున్నాను, అబద్ధమెందుకు.

ఒక ఉదయం ఆమె గుమ్మంలో
గుడ్డలో చుట్టిన రొట్టె, ఇంకా వెచ్చగా.
మర్నాడు ఎండిన గొర్రె తొడ.
ఆ రెండూ చంకన పెట్టుకుని
నా కౌంటరు ముందుకొచ్చి నిలబడింది.
"నాకు నిద్ర పట్టడం లేదని ఊరికెవరు చెప్పారు?"

నోరు పెగల్లేదు. స్క్రీను ఆమె వైపు తిప్పాను.

చాలాసేపు చూసింది.
చేతి తొడుగు తీసి, ఆ మిట్టల్ని
ఒక్కొక్కటే వేలితో తడిమింది.
"ఇది నేను కాదు," అంది.
"నేను పదింటికే పడుకుంటాను.
రెండున్నరకి ఆయన కంప్యూటరు దానంతటదే లేస్తుంది.
తెల్లారి సముద్రం మీద గాలి ఎటు వీస్తుందో, అల ఎంత లేస్తుందో
దించి పెట్టుకుంటుంది.
ఆయనే అలా పెట్టుకున్నాడు.
ఆపడం నాకు రాదు."
తొడుగు వేసుకుంటూ ఆగింది.
"వచ్చు."

రొట్టె మాత్రం బాగుందని చెప్పమంది, ఎవరిదైతే వాళ్ళకి.

ఆ సాయంత్రం చీటీ చింపేశాను.
గడి దాకా వెళ్ళి కూడా టిక్కు తీయలేకపోయాను,
ఒక పాస్‌వర్డు పెట్టి వదిలేశాను.
మర్నాటి ఫెర్రీకి ఆమె కొన్న టిక్కెట్టు వెనక
ఆ పాస్‌వర్డు రాశాను. ఆమె అడగలేదు.

నివేదిక చూడ్డానికీ కొంత నెట్ ఖర్చవుతుంది,
చూసినవాళ్ళూ పద్దుకెక్కుతారు.
ఇప్పుడు తొమ్మిదో నంబరులో
రెండున్నరకి ఆయన మిట్ట.
రెండు ముప్పై ఒకటికి, దాన్ని ఆనుకుని,
గోరంత ఇంకొకటి.