గోడ పక్క ముక్క

మల్లేశ్వరం పదిహేనో క్రాసులో
ఫుట్‌పాత్ పొడవునా దారం లాగి కట్టి
ఉరుకుందు మోకాళ్ల మీద కూర్చుంటాడు.
ముందు రాతిపొడి, దాని మీద చెక్కతో ఒక ఈడ్పు,
ఆ పైన దిమ్మెలు.
రెండు అడ్డం, రెండు నిలువు,
మళ్లీ రెండు అడ్డం.
చాప అల్లినట్టే, అంటాడు,
ఈతాకుకి బదులు సిమెంటు, అంతే.

నేను అందిస్తాను.
ఎర్రది, ఎర్రది, బూడిదది.
ఎమ్మిగనూరులో మగ్గం కాడ
మా అమ్మకి పోగులందించిన చేతులే.
లెక్క తప్పితే అమ్మ కసిరేది.
ఇతను తలెత్తకుండానే
రబ్బరు సుత్తితో నేలని రెండుసార్లు కొడతాడు.
తప్పిచ్చినావు, మార్చు, అని.

నలుచదరం మంచిది, పేచీ పెట్టదు.
ఏ పక్కనుంచి చూసినా ఒకటే మొహం.
ఆరు మూలలది వేరు,
ఒకటి ఊడాలంటే ఆరుగురిని అడగాలి.
జిగ్‌జాగ్‌ది మా ఆడబిడ్డ లాంటిది,
సందు దొరికిందాకా సర్దుకోదు,
దొరికాక లారీ ఎక్కినా కదలదు.

ఏది పరిచినా
గోడ దగ్గరికొచ్చేసరికి పూర్తిది పట్టదు.
ఈ ఊళ్లో ఏ గోడా దిమ్మెలని అడిగి కట్టలేదు.
జానెడు మిగులుతుంది, లేదా బెత్తెడు,
కానుగ చెట్టు మొదట్లో అయితే వంకర నెలవంక.
మందుల షాపు మలుపులో దారం ఏటవాలుగా కట్టాడు,
నలుచదరాలన్నీ మూలల మీద నిలబడ్డాయి.
అక్కడ కట్టర్ మూల నుంచి మూలకి కూసింది,
తెల్ల దుమ్ములో అతని కనుబొమలు మాయం.
సగం గోడకి,
సగం మాకు.

ఆ సగాలు గోనెసంచిలో
యశ్వంతపురం రేకుల షెడ్డుకి వస్తాయి.
వానకి లోపలంతా బురద.
బురద మీద మా హుసేనమ్మ ముక్కలు పేరుస్తుంది.
త్రిభుజం అని బడిలో చెప్పారట,
తను మాత్రం సమోసా అంటుంది.
రెండు సమోసాలకి ఒక బిస్కెట్టు,
నాలుగైతే గాలిపటం,
ఏడు పెట్టి ఏదో చేసి
ఒంటె, అంది. ఒంటేనేమో.
పొయ్యి దగ్గర ఒంటె మీద కాలు పెట్టి
అన్నం వారుస్తాను.

"అమ్మా, దీని రెండో సగం ఏ గోడ కింద ఉంది?"
నాకేం తెలుసు.
వాళ్ల నాయనకి గుర్తే:
మందుల షాపు, రెండో మెట్టు పక్కన.

ఆదివారం ముగ్గురం పోయాం.
కేబుల్ కోసం తవ్వి, పూడ్చి,
ఎవరో మళ్లీ పేర్చి పోయారు.
ఎర్రవీ బూడిదవీ కలగాపులగం,
వంకాయ కూరలో చేయి జారిన ఉప్పులా
ఎక్కడబడితే అక్కడ.
ఉరుకుందు ఏమీ అనలేదు.
చెప్పు కొనతో ఒక దిమ్మెని నొక్కాడు,
అది ఊగింది,
ఇంకోదాన్ని నొక్కలేదు.

రాత్రి షెడ్డులో దీపం కింద
హుసేనమ్మ రెండు సమోసాలు దగ్గరికి జరిపింది.
సన్నటి గీత తప్ప అతుకే లేదు.
ఎక్కడిదే, అంటే
గౌను తడి చూసుకుంటూ, మనదే కదా, అంది.

అంటే మెట్టు పక్కన ఇప్పుడు కన్నం.
కళ్లు సరిగా ఆనని ముసలాయన ఎవరైనా
మాత్రలకని వస్తాడు.
పొద్దున్నే పనికి పోతూ
ఒక సగం కొంగున మూటకట్టి
అక్కడ పెట్టి రావాలి.

గోడది ఏదో, మాది ఏదో,
దీపం ఎటు పట్టినా
రెండూ ఒకేలా ఉన్నాయి.