రాలిన ముక్కల కవరు

నాలుగు రోజులుగా బెంగళూరులో ముసురు.
మా ల్యాబు వెనక మోరీ గోడ మీద
సున్నం ఊడిన ప్రతిచోటా
ఎవరూ నాటని ఫెర్నులు.
ముద్దురంగప్ప ఒక ఆకు తుంచుకొచ్చి
నా బల్ల మీద పెడతాడు,
కూరలమ్మి కొసరు వేసినట్టు.

దాని వెన్నుకు గోళ్ల రంగు పూస్తాను.
రంగులేని రంగు, గాంధీబజార్లో నలభై రూపాయలు.
నా మొరటు గోళ్లు చూసి షాపతను నవ్వాడు.
ఆరాక టేపుతో మెల్లగా లాగితే
ఆకు ఆకులాగే ఉంటుంది, అచ్చు నా చేతికొస్తుంది:
బియ్యపుగింజంత పొర.

నాలుగు వందల రెట్లు.
కణాల గోడలు వంకర్లు తిరిగి
ఒకదాని ఒంపులో ఒకటి ఇరుక్కుని,
జనరల్ బోగీలో ఎదురెదురు మోకాళ్లలా.
మధ్యమధ్య రంధ్రాలు, రెండేసి పెదాలు,
కొన్నిటిని ఓ తోడు కణం
గుర్రపు లాడంలా వంగి పట్టుకుని.
ఎన్ని, ఎటువైపు, తోడెవరు,
నోట్‌బుక్కులో నిలువు గీతలు.
మధ్యాహ్నానికి కళ్లు మూసుకున్నా
పెదాలే.

ఇది పచ్చి ఆకు సంగతి.
కష్టమంతా ఎండినదానితో.

షీటు నంబరు రెండువేల నూటపదకొండు.
కెంగేరి, కాలువ గట్టు, నీడ,
డెబ్భైతొమ్మిది ఆగస్టు.
శ్యామణ్ణ మాస్టారి నీలి సిరా:
క్రిస్టెల్లా డెంటేటా.
కిందికి పోయేకొద్దీ రెక్కలు చిన్నవైతే ఆ పేరు,
కాకపోతే దాని చెల్లెలిది.
సరిగ్గా ఆ కింది రెక్కలే
పురుగులు తినేశాయి.
తెగిన చోట వట్టి కాగితం,
దాని మీద ఆకు ఉండిన మరక.

షీటు మూలన చిన్న కవరు ఉంటుంది,
రాలినవి పారేయకుండా దాచేది.
పట్కారుతో గోరంత తునక తీసి
వేణ్ణీళ్లలో వేశాను.
టీలో రస్కులా మెత్తబడింది.
కటకం కింద, ఈనె పొడుగునా తెల్ల నూగు.
ఆ నూగులో, దాక్కోవడం రానట్టు,
నారింజ రంగు గ్రంథులు.
ఒకటి. రెండు.
పదకొండు దాకా లెక్కపెట్టి
మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.

డెంటేటాకి ఇవి ఉండవు.
ఇది చెల్లెలు, పారసైటికా.

ముద్దురంగప్పకి ఎలా చెప్పను?
ఆ రోజు మాస్టారి వెనక
ప్రెస్సు నెత్తిన పెట్టుకుని నడిచిన
పదహారేళ్ల కుర్రాడు తనే.
వచ్చే నెల రిటైరవుతున్నాడు.
మాస్టారి ఫొటోకి గురువారం గురువారం
తన డబ్బుల్తో మల్లెలు కొంటాడు.

చెప్పాను.

చాలాసేపు మోరీ చప్పుడు విన్నాడు.
"ఆ పొద్దు వాన మేడం.
ఆయన భూతద్దం నా జేబులో ఉండె.
కాలవలో పడిపోయిందేమో అని వెతుకుతా ఉంటే
నా దగ్గరే ఉందని చెప్పేదానికి భయమైంది.
మూడు దినాలకి, ఇసకలో దొరికిందని ఇచ్చినాను.
అప్పటికి చీటీ రాసేసినారు."

నేను కుర్చీ జరిపాను.
కూర్చోలేదు. నిలబడే వంగి
కటకానికి కన్ను ఆనించాడు.
ఇన్నేళ్లుగా వీటిని తుడవడమే గాని
చూడమని ఎవరూ అనలేదట.
"కిత్తళె," అన్నాడు కన్నడలో,
నాతో కాదు.
"కాలవలో ఎండ పడితే ఇట్లే ఉండె."
ఇప్పుడక్కడ మెట్రో స్తంభాలు.

మా పనిలో చెరపడం లేదు.
పాత పేరు పాత చేతిరాతలో ఉండగానే
కింద కొత్త చీటీ అంటిస్తాం,
కొత్త పేరు, తేదీ, సంతకం.
మైదా జిగురులో మైలుతుత్తం కలిపి
ముద్దురంగప్పే ఉడికించాడు,
ఈసారి పురుగు ముట్టకుండా
కొంచెం ఎక్కువే వేశాడు.
చీటీ పరిచి, మూల లేవకుండా
బొటనవేలితో అదిమాడు.

ఆరాక చూస్తే, నా సంతకం పక్కన
లేత నీలంగా వేలి గీతలు,
ఒకదాని ఒంపులో ఒకటి.
తడి గుడ్డ తీసుకున్నాను తుడుద్దామని.
మళ్లీ పెట్టేశాను.