క్రావడి

పగలు మిర్చి యార్డులో కాటా దగ్గర చీటీలు కొడతాను.
తుమ్ములు లెక్కపెట్టడం మానేసి పదేళ్లు దాటింది.
రాత్రి అరండల్‌పేట గదిలో,
రెండు చెంబులు ఎక్కువ పోసుకున్నా వదలని ఘాటుతో,
ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫిర్యాదులు ఏరుతుంటాను.

జీతం లేదు. ఈ పనికి మా ఇంట్లో పేరు కూడా లేదు.
ఎవరో రాసి, ఊరికే వాడుకోండని వదిలిన సాఫ్ట్‌వేర్.
దాంట్లో తెలుగు అక్షరం ఎక్కడ విరిగినా
నా గుమ్మంలోకే వస్తుంది.
నాకు కోడ్ రాదు. విరిగింది అతకలేను.
ఏది నిజంగా విరిగిందో
ఏది చూసినవాడి కళ్లజోడు తప్పో
విడదీసి పెట్టగలను, అంతవరకే.

నాకిది నేర్పింది మస్తాన్‌బీ. ఆవిడకి ఆ సంగతి తెలియదు.
గోనెపట్టా మీద కాళ్లు చాపి
మొహానికి కొంగు బిగించి
ఎర్రకాయ ఇటు, మచ్చకాయ అటు,
తెల్లబడ్డ తాలు వెనక్కి.
చేతులు చూస్తుంటాయి, కళ్లు కబుర్లాడుతుంటాయి.
తాలు పారేస్తారా అని అడిగానోసారి.
"పారేసేదేంది? దానికీ ఓ రేటుంది" అంది.

అందుకే "పని చేయట్లేదు" అని
రెండే మాటలు రాసి మాయమైన మనిషినీ తోసెయ్యను.
ఏం నొక్కారు? ఏం వస్తుందనుకున్నారు? ఏం వచ్చింది?
కొందరు పదకొండు రోజులకి జవాబిస్తారు.
కొందరు తిట్టి, మర్నాడు తప్పయిందంటారు.
ఒకే నొప్పిని ఏడుగురు ఏడు పేర్లతో చెబితే
ఏడింటినీ ఒక తాడుకి కట్టి పాతదాని పక్కన పెడతాను.
తొమ్మిదేళ్లుగా తెరిచే ఉన్నదొకటుంది.
నెలకోసారి చూసొస్తాను
పెద్దాసుపత్రిలో దూరపు చుట్టాన్ని చూసొచ్చినట్టు.

సువార్తమ్మ గారిది మాత్రం పొడుగాటి ఉత్తరం.
రాజుపాలెం బళ్లో టీచరు.
"ప్రింటు తీస్తే క్రావడి పోతోందండీ.
తెర మీద ఉంటుంది, కాగితం మీద ఉండదు.
ప్రవీణ కాస్తా పవీణ అయింది. పిల్ల ఏడ్చింది."
చేసి చూశాను. మూడుసార్లు చూశాను.
నా కాగితం మీద ప్రవీణ నిక్షేపంగా ఉంది.
"ఇక్కడ రావట్లేదు" అని రాసి మూసేశాను.
ఆవిడ మళ్లీ ఏమీ అనలేదు.
ఒప్పుకున్నారనుకున్నాను.

ఫిబ్రవరి. రోడ్డు దాకా బస్తాలు.
కాగితం కలిసొస్తుందని మా ఓనరు
చీటీని సగానికి కోయించాడు, నేను అక్షరాలు చిన్నవి చేశాను.
తలగుడ్డ పెద్దాయన ఒకడు
చీటీని లైటు కేసి ఎత్తి చూసి
"ఏమయ్యా, మాది క్రోసూరు.
మా ఊరి కాలు తీసేశావేంది?" అన్నాడు.
కోసూరు.
దాని వెనక చీటీలో పత్తిపాడు.
అదెవరూ పట్టించుకోలేదు, నోటితో అందరం అనేది అదేగా.
కాటా దగ్గర అంతా నవ్వారు.
నేను చీటీ అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

ఆ రాత్రి ఉత్తరం మళ్లీ తీశాను.
నాలుగో పేరాలో ఉంది:
"నలభైమంది మార్కులు ఒక్క పేజీలో పట్టాలని
అక్షరం సైజు ఏడు పెట్టానండీ."
అప్పుడూ చదివాను. చదివాననే అనుకున్నాను.
చూసింది మాత్రం పన్నెండులో,
మూడుసార్లూ పన్నెండులోనే.

మూసింది తెరిచి కింద రాశాను:
సైజు ఏడు. కాగితం మీద మాత్రమే. ప్ర, క్ర, త్ర, అన్నీ.
నమూనాకి క్రోసూరు చీటీ ఫొటో.
ఆ తర్వాత, రాయమని ఏ నియమంలోనూ లేని ఒక ముక్క:
టీచరుగారూ, మీరు సరిగ్గానే చెప్పారు.
నేనే సరిగ్గా చదవలేదు.

బాగుచేసే అతను ఎక్కడో ఉన్నాడు, తెలుగు రాదు.
ఆ చిన్న కొక్కెం లేకపోతే అంత నష్టమా అని అడిగాడు.
వ్యాకరణం చెప్పబోయి ఆగి
పిల్ల ఏడుపు సంగతి చెప్పాను, పెద్దాయన ఊరి సంగతి చెప్పాను.
"సరే, చూస్తాను" అన్నాడు.

ఇంకా చూస్తున్నాడు.
సువార్తమ్మ గారి నుంచి జవాబు లేదు.
ఈలోగా పొద్దున్నే, కాటా పక్కన నిలబడి,
చీటీ చీటీకీ పెన్నుతో
క్రావడి గీసి ఇస్తున్నాను.