పేరు లేని పడవ

కంచరపాలెం మేడ మీది గదిలో
రాత్రి పదకొండు దాటాక నా దుకాణం తెరుస్తాను.
షట్టర్ లేదు, సరుకూ లేదు.
"పడవ, తెల్లవారుజాము, డాల్ఫిన్స్ నోస్" అని కొడితే
మిషను నాలుగు సముద్రాలు వడ్డిస్తుంది.
ఒకటి ఏరి కప్పు మీదకి ఎక్కిస్తాను.
ఎవరో కొంటారు, ఎక్కడో అచ్చవుతుంది,
నాకు ముప్పై ఎనిమిది రూపాయలు.

హార్బరులో పడవలకి పేర్లు రాసే అసిరయ్య మావ
నీలం రంగు గోళ్ళతో ఫోను దూరంగా పట్టి చూశాడు.
"ఆరేళ్ళున్నాయేటిరా ఈడి చేతికి?
పోన్లే, వల లాగడానికి పనికొస్తాయి.
జెండా ఇటు, తెరచాప అటు...
గాలి రెండేపులా కొడతాదేటి?
ములిగిపోద్ది."

నేను దిద్దలేదు.
ఈ నెల అమ్ముడైంది అదొక్కటే,
మూడు కప్పులు.
మావకి టీ ఇప్పించాను.
సగం తాగి, బ్రష్షు చెవి మీంచి తీసి
"దానికి పేరేదిరా?" అన్నాడు.