వదలండి

జగదాంబ జంక్షన్లో దిగి
మహారాణిపేట ఏటవాలు ఎక్కేసరికి
నా ఊపిరి నాకే వినబడుతుంది.
ఎక్స్‌రే విభాగం మాత్రం నేల కింద.
ఎక్కిందంతా మెట్లమీద మళ్ళీ దిగాలి.

మొదటి నెల మిషను ముట్టుకోనివ్వలేదు.
బెహరా సరోజిని మేడం మమ్మల్నే రోగుల్ని చేశారు.
ఒకరి భుజాలొకరం ముందుకి తోసుకున్నాం,
గడ్డాలు ఎత్తించాం, నడుం మీద చేతులు పెట్టించాం.
"దెబ్బలాటకొచ్చిన అత్తలాగ నిలబడాలి," అనేవారు,
"అప్పుడే రెక్కెముకలు ఊపిరితిత్తులకి అడ్డం తప్పుకుంటాయి."

సీసం ఆప్రాన్ బరువనిపించలేదు నాకు,
నాన్న టిఫిన్ బండికి రోజూ పిండి గిన్నెలు మోసేదాన్ని.
సాయంత్రానికి మెడ మాత్రం ఒప్పుకునేది కాదు.

ఒకసారి హరిణాక్షి
ఆర్ అక్షరం ఎడమపక్క అంటించింది.
ఫిల్ములో ఒక మనిషి గుండె కుడికి వెళ్ళిపోయింది.
మేడం కోప్పడలేదు.
ఆ ఫిల్ము ఇంకా గోడకే ఉంది.

ఛాతీ మీద చిన్న బ్యాడ్జి ఇచ్చారు.
మూడు నెలలకోసారి పంపాలి.
నాకు కనబడనిది నాలోకి ఎంత వెళ్ళిందో
ఎక్కడో ఎవరో చదువుతారు.

నవంబరులో అల్పపీడనం.
వేటకెళ్ళొద్దన్నారు,
హార్బరు సగం ఓపీలోనే ఉంది ఆరోజు.
సూరాడ ఎర్రయ్య, అరవై నాలుగు, దగ్గు, ఛాతీ.
నా లాగ్‌బుక్కులో మొదటి వరస.
మేడం గాజు వెనక చేతులు కట్టుకుని.

చొక్కా తీస్తే మెళ్ళో తాయెత్తు.
"తియ్యాలి తాతా, నీడ పడుతుంది."
"ఇది కింద ఎట్టకూడదమ్మా."
"నేను పట్టుకుంటే?"
కాసేపు ఆలోచించి నా అరచేతిలో పెట్టాడు.
వెచ్చగా ఉంది.

ప్లేటు చల్లదనానికి ఉలిక్కిపడ్డాడు.
వీపు మీద వెలుగు చతురస్రం,
దాని మధ్య గీతని వెన్నుపూసల మీదికి జరిపాను.
"గాలి పీల్చు. ఇంకా. ఇంకా. బిగబట్టు."

గోడ వెనక్కి పరిగెత్తాను.
మీటకి రెండు మెట్లు:
మొదటిదానికి లోపల ఏదో తిరగడం మొదలవుతుంది,
రెండోదానికి అయిపోతుంది.

తెర మీదికి తేలాడు ఎర్రయ్య.
పక్కటెముకలు లెక్కపెట్టాను. పది. పదకొండోది కూడా.
ఇంత గాలి పుస్తకంలో బొమ్మకి కూడా లేదు.
ఆరోది ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది.
కుడివైపు, కాలరెముక కింద
ఏదో...

"పాపా," అన్నారు మేడం. "ఆయన."

గాజులోంచి చూస్తే
ఇంకా అత్తలాగే నిలబడి ఉన్నాడు,
మెడనరాలు ఉబ్బి,
నేను చెప్పిన ఊపిరిని
నేను చెప్పినట్టే పట్టుకుని.

"వదలండి!"
మైకు నొక్కకుండా అరిచాను.
నొక్కి మళ్ళీ అన్నాను.

"ఎందుకు వదల్లేదు తాతా?"
"నువ్వనలేదు కదమ్మా."
నవ్వాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది.
"లంగరు రాతికి పట్టేస్తే నేనే దిగి ఇప్పేవోణ్ణి.
పైనోడు తాడు లాగిందాకా అడుగునే ఉండాల."

తాయెత్తు ఇచ్చేశాను.
దాని అంచు నా అరచేతిలో అచ్చుపడింది.

"ఏటి కనపడిందమ్మా?"

దీనికి మాకు నేర్పిన జవాబొకటుంది,
పరీక్షలో రెండు మార్కులు.
"డాక్టరు గారు చెప్తారు."
బయటికి అనడం అదే మొదటిసారి.
పడవ తొయ్యబోయేముందు ఆకాశాన్ని చూసినట్టు
నా ముఖాన్ని చూసి
చొక్కా తొడుక్కున్నాడు.

మేడం లాగ్‌బుక్కులో సంతకం పెట్టారు.
పొజిషను బాగుంది. మార్కరు సరి.
మూడో మాట రాయబోయి కలం మూసేశారు.

ఆ తర్వాత ఎవరికి బిగబట్టమన్నా
గోడ వెనక నేనూ బిగబడుతున్నాను.
నాకు చాలనప్పుడు
వాళ్ళకీ చాలదు.
అప్పుడంటాను.