మొదటి పంటు

ఐదున్నరకి సఖినేటిపల్లి రేవులో
అవతలి ఒడ్డు ఉండదు.
గోదారి కూడా సగమే ఉంటుంది,
మిగతాదంతా మంచు.
టికెట్లు చింపే నాకు మొహాలు ఆనవు.
స్వెట్టర్లని బట్టే పోల్చుకుంటాను మనుషుల్ని.

ముందు ఎర్రచారలది వస్తుంది, పైన చేపల గంపతో.
కొల్లాటి నూకాలు.
బొత్తాలుండాల్సిన చోట ఐదు పిన్నీసులు.
ఆరోది
సరంగు కాల్లో ముల్లు తియ్యడానికి ఇచ్చింది.
వెనక్కి అడిగితే చవకైపోతానని అడగదు.
ఆ సందులోంచే గాలి దూరుతోందని
వారం రోజులుగా అతన్ని తిడుతోంది,
అతనికి వినపడేలా.

వెనకాల మూడు నేవీ బ్లూలు, కోసుగా దిగిన మెడలు.
కాన్వెంటు పిల్లలు.
పదో తరగతి దాకా రావాలని
ఆరో తరగతిలో కొన్న స్వెట్టరు లోపల
చిన్నది ఇంకా సర్దుకుంటూనే ఉంది.
చేతులు బయటికి రావు.
ఉన్ని గొట్టంలోంచి జారి
రూపాయి బిళ్ళ నా అరచేతిలో పడుతుంది,
వెచ్చగా.

రొయ్యల చెరువు కాపలా దిగొచ్చే ఏడుకొండలు
రెండు వేస్తాడు.
లోపల పొడుగు చేతులది, పైన చేతుల్లేనిది,
ఆ పైన మంకీ క్యాపు.
రాత్రంతా ఏరియేటర్లు నీళ్ళు చిలికితే
ఊపిరి రొయ్యలకీ, వణుకు తనకీ.
ఆ మోత చెవుల్లోనే ఉండిపోయి
పక్కనున్న నాకు
అవతలి గట్టు మీద మనిషికి చెప్పినట్టు చెబుతాడు.

మెడంతా మింగేసే నల్లది ఒకటి
ఈమధ్యే చేరింది, బుల్లెట్టు బండి మీద.
తొమ్మిదింటి ఎండలోనూ తియ్యడు.
చెమటలు తుడుచుకుంటూ "చలి కదండీ" అంటాడు.
ఆయ్, చలే బాబూ.
ఇరవై రెండేళ్ళకి అది ఏ నెలలోనైనా వేస్తుంది.

నాదా? మా బావమరిది మిలటరీలోంచి తెచ్చింది.
తుపాకీ ఒరుసుకోకుండా భుజాల మీద గుడ్డ అతుకులు.
నా భుజాన ఒరుసుకునేది చిల్లర సంచీ.
మంచు కొండలకని నేసినది,
మా నెల్లాళ్ళ చలిని అసలు లెక్కచెయ్యదు.
పదింటికల్లా టికెట్ల గదిలో
బెంచీ మీద పడి నిద్రపోతుంది.

ఇక దీవెనమ్మది వంగపండు రంగు.
నర్సాపురం బస్టాండు పక్కన టార్పాలిన్ కింద
నేపాలీ అమ్మాయి రెండొందల ఎనభై అంటే
నూట తొంభైకి తెంచింది, పదకొండేళ్ళ కిందట.
ఇంజను పక్కన వేడి తగిలే చోటు ఆమెది.
అంత చీకట్లోనూ కొక్కెం ఆడుతూనే ఉంటుంది.
తెల్లదారం, లేసు పని.
బల్లల మీద పరుచుకునే గుడ్డలు,
చలి దేశాలకి వెళతాయట.
"అంత చలిలో ఈ చిల్లులేం కాస్తాయమ్మా?" అంటే
"బల్లకి చలేమిటండీ?" అంది, తలెత్తకుండా.

కిందటేడు రేవు మేకు తగిలి
ఆ స్వెట్టరు మోచెయ్యి చిరిగింది.
ఏడాదంతా కొంగుతో కప్పుకుంది.
మొన్న సోమవారం చూద్దును గదా,
చిరిగిన చోట తెల్లటి పువ్వు!
ఎనిమిది రేకులు, నడుమ సాలెగూడంత అల్లిక.
గుడ్డ అతకలేదు, ఉన్ని కొనలేదు.
ముప్పై ఏళ్ళుగా చిల్లులు అల్లిన మనిషి
చిల్లుని చిల్లులతోనే పూడ్చింది.

గాలి ఆగుతుందా అని నేనడగలేదు.
నా చూపు చూసి తనే అంది:
"ఇదివరకు తోసుకొచ్చేదండీ.
ఇప్పుడు వడపోసుకుని వస్తోంది."

బుధవారానికి నూకాలు గుండెల మీద
ఆరు తెల్ల గుబ్బలు, దారంతో అల్లిన బొత్తాలు.
కూలి కింద రెండు కొరమేనులు
ఇంజను పక్కకి చేరాయి.

నిన్న సరంగు వచ్చి
తుడిచిన పిన్నీసు నూకాలు ముందు పెట్టాడు.
ఆమె తీసుకోలేదు. అతనూ తీసుకోలేదు.
ఇద్దరూ దిగిపోయారు, చెరో వైపూ చూస్తూ.

టికెట్ల కట్టకి గుచ్చి ఉంచాను దాన్ని.
మంచింకా విడలేదు.
ఇవతల ఎవరో హారన్ కొడుతున్నారు,
నల్ల స్వెట్టరే అయ్యుంటుంది.